పాత ఫోటోల్లో సిగరెట్‌ని ఉండనివ్వండి

సిగరెట్ అంటే నాకు ఒళ్ళు మంట. మా నాన్నని తీసుకుపోయింది అదే. బస్టాపులో పక్కన ఎవరైనా అంటిస్తే, దూరంగా వెళ్ళి తాగమని మొహమాటం లేకుండా చెప్తాను. అలాంటిదాన్ని, పాత ఫోటోల్లో సిగరెట్లు ఉండాల్సిందేనని ఈమధ్య కనబడ్డవాళ్ళందరితో వాదం వేసుకుంటున్నాను. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను.

కిందటేడు హైదరాబాద్‌లో ఒక సాహిత్య సభకి వెళ్ళాను. పాతతరం రచయిత ఒకాయన జయంతి. వేదిక వెనకాల ఆయన ఫోటోతో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఆ ఫోటో నాకు బాగా తెలుసు. కుర్చీలో కొంచెం వెనక్కి వాలి, చెంప దాకా ఎత్తిన కుడిచేతిలో సిగరెట్‌తో, ఎవరో చెప్పేది వింటూ ఉంటారు. ఫ్లెక్సీలో చెయ్యి చెంప దగ్గరే ఉంది. చూపుడువేలూ నడిమివేలూ విడిపోయి ఉన్నాయి. మధ్య ఏమీ లేదు. సిగరెట్ ఉన్నచోట చొక్కా తెలుపు పులిమేశారు, ఆ పులమడంలో నడిమివేలు ఒక కణుపు పొడుగైంది. చెవి పక్కన మాత్రం పల్చటి పొగ అలాగే ఉండిపోయింది.

నిర్వాహకుల్లో ఒకాయన్ని అడిగాను. "స్కూలు పిల్లలు వస్తున్నారు కదమ్మా, బాగుండదని తీయించాం" అన్నారు. పిల్లల మేలు కోరే చేశారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ రచయిత ఎంతగా సిగరెట్లు తాగేవారో ఆయన స్నేహితులు రాసుకున్నారు. సిగరెట్ల వల్ల వచ్చిన జబ్బుతోనే పోయారని కూడా రాశారు. ఆ సాయంత్రం వేదిక ఎక్కినవాళ్ళలో ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు. పిల్లలకి నిజంగా పనికొచ్చే సంగతి ఏదైనా ఉందంటే అదే. ఫోటోలో సిగరెట్ ఉండి ఉంటే కనీసం ఒక పిల్లో పిల్లాడో అడిగేవాళ్ళు.

ఇది మనవాళ్ళు కొత్తగా కనిపెట్టిన పని కాదు. ఫ్రాన్స్‌లో 1996లో ఆంద్రే మాల్రో అనే రచయిత పేరు మీద తపాలాబిళ్ళ వేశారు. దానికి తీసుకున్నది 1935లో జిజెల్ ఫ్రాయిండ్ తీసిన ఫోటో. జుట్టు గాలికి ఎగురుతూ, పెదాల మధ్య సిగరెట్. బిళ్ళ మీద సిగరెట్ లేదు. 2005లో తత్వవేత్త సార్త్ర్ శతజయంతి ప్రదర్శనకి అక్కడి జాతీయ గ్రంథాలయమే వేసిన పోస్టర్‌లో ఆయన చేతిలోని సిగరెట్‌ని చెరిపేశారు. పొగాకు ప్రచారాన్ని అడ్డుకునే 1991 నాటి చట్టం వాళ్ళకి ఉంది. ఆ చట్టం కింద ఇబ్బంది వస్తుందేమోనని ముందుజాగ్రత్త. 2009లో ఇంకో అడుగు ముందుకేశారు. హాస్యనటుడు, దర్శకుడు జాక్ తాతి నోట్లో ఎప్పుడూ ఉండే పైపుని తీసేసి, ప్యారిస్ మెట్రో పోస్టర్లలో దాని బదులు పసుపుపచ్చ గాలిమర పెట్టారు. 2010లో లండన్‌లో ఒక మ్యూజియం గుమ్మం మీద చర్చిల్ ఫోటోలో చుట్ట మాయమైంది.

వీటన్నిటిలో నాకు ఎక్కువ బాధ కలిగించింది అమెరికాలో రాబర్ట్ జాన్సన్ విషయం. నల్లజాతి గాయకుడు, 1938లో 27 ఏళ్ళకే పోయాడు. ఆయనవని తెలిసిన ఫోటోలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. వాటిలో ఒకటి ఫోటో బూత్‌లో తీసుకున్నది, గిటారు మెడ పట్టుకుని, నోట్లో సిగరెట్‌తో సూటిగా చూస్తూ ఉంటాడు. 1994లో తపాలాబిళ్ళ కోసం ఆ బొమ్మలోంచి సిగరెట్ తీసేశారు. బతికినన్నాళ్ళూ దేశం పట్టించుకోని మనిషి, ఇదిగో నేను ఇలా ఉండేవాణ్ణి అంటూ మిగిల్చిపోయిన ముఖం అది. అది దిద్దే హక్కు ఎవరికుంది? మాల్రోకి బోలెడన్ని ఫోటోలున్నాయి, ఒకటి పాడుచేసినా ఆయన ఎలా ఉండేవాడో తెలుస్తుంది. ఆయన మంత్రిగా కూడా చేశాడు. జాన్సన్‌కి ఆ అదృష్టం లేదు.

ఇక మన ఊరి సంగతి. హైదరాబాద్ పాత ఫోటోల్లో సిగరెట్లు చెరుపుతూ కూర్చుంటే ఈ ఊరి కథలో పెద్ద ముక్కే పోతుంది. వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ 1930లో ఇక్కడే మొదలైంది. అజామాబాద్‌లో ఫ్యాక్టరీ. వాళ్ళ చార్మినార్ సిగరెట్ పెట్టె మీద కట్టడం బొమ్మ ఉండేది, ఈ ఊరు ఎన్నడూ చూడనివాళ్ళకి కూడా చార్మినార్ అలా తెలిసింది. సత్యజిత్ రాయ్ రాసిన బెంగాలీ డిటెక్టివ్ కథల్లో ఫెలూదా కాల్చేది చార్మినారే. ఏడో నిజాం కూడా చవకైన చార్మినార్ సిగరెట్లే కాల్చేవాడని ఊళ్ళో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

నా చిన్నప్పుడు ప్రతి పాన్ డబ్బా పక్కనా ఒక కొబ్బరితాడు వేలాడేది. దాని కొస ఎప్పుడూ రాజుకుంటూనే ఉండేది. ఒక సిగరెట్ కొనుక్కున్నవాడు ఆ తాడు ఎత్తి, కొస మీద ఉఫ్ అని ఊది, తల పక్కకి వంచి అంటించుకునేవాడు. అగ్గిపెట్టె ఖర్చు ఉండేది కాదు. తాడు మళ్ళీ వదిలితే గోడకి తగిలి నిప్పురవ్వలు రాలేవి. ఆ గోడ మీద నిలువుగా నల్లటి చార పడి ఉండేది. ఇరానీ హోటల్లో చాయ్‌తో పాటు విడి సిగరెట్ అడిగితే బల్ల మీదికే వచ్చేది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లలో ప్రొజెక్టర్ వెలుతురు తెరకి చేరేలోపు పొగ సుళ్ళు కనబడేవి. ఇక పెళ్ళిళ్ళు. విడిదింట్లో మగపెళ్ళివారి కోసం పళ్ళెంలో వక్కపొడి, కిళ్ళీలు, వాటితో పాటు సిగరెట్ పెట్టెలు పెట్టడం మర్యాద. మంచి రకం పెట్టకపోతే ఆడపెళ్ళివారికి మాటొచ్చేది. మా నాన్నకి సిగరెట్లు తెచ్చిపెట్టేదాన్ని నేనే. మూడో తరగతి పిల్లకి కొట్టువాడు అడక్కుండానే ఇచ్చేవాడు, చిల్లర మిగిలితే చాక్లెట్ నాది.

ఈ కాలపు పిల్లలకి ఇవి చెప్తే నమ్మరు. డాక్టరు బల్ల మీద యాష్‌ట్రే ఉండేదంటే, పేషెంటుని కూర్చోబెట్టి ఆయనే అంటించేవాడంటే, నేను కల్పించి చెప్తున్నాననుకుంటారు. వాళ్ళు నమ్మలేకపోవడం నాకు సంతోషమే. ఎందుకంటే ఆ మార్పు ఊరికే రాలేదు. సిగరెట్‌కీ ఊపిరితిత్తుల కేన్సర్‌కీ ఉన్న లంకె 1950లోనే బ్రిటన్‌లో డాల్, హిల్ అనే ఇద్దరు చూపించారు. 1964లో అమెరికా ప్రభుత్వ నివేదిక అదే గట్టిగా చెప్పింది. మన దగ్గర పెట్టె మీద హెచ్చరిక రాయాలని 1975లో చట్టం వచ్చింది. 2001లో సుప్రీంకోర్టు బహిరంగ స్థలాల్లో పొగ తాగడం ఆపమంది, 2003లో పెద్ద చట్టం వచ్చింది, 2008 అక్టోబర్ 2 నుంచి ఆ నిషేధం గట్టిగా అమలులోకి వచ్చింది. 2009లో పెట్టెల మీద బొమ్మల హెచ్చరికలు మొదలయ్యాయి, 2016 నుంచి పెట్టెలో 85 శాతం అవే. పొగాకు వాడే పెద్దవాళ్ళు 2009-10 సర్వేలో 34.6 శాతం ఉంటే 2016-17 నాటికి 28.6కి తగ్గారు. వీటిలో ఒక్కదాన్ని కూడా నేను తప్పుపట్టను. ఇంకా గట్టిగా ఉండాలంటాను. ఈ దేశంలో పొగాకు వల్ల ఏటా 13 లక్షల మందికి పైగా పోతున్నారు.

కానీ ఈ పనులన్నీ బతికున్నవాళ్ళ కోసం. పోయినవాళ్ళ చేతిలో సిగరెట్ తీసేస్తే ఎవరి ఊపిరితిత్తులు బాగుపడతాయి?

మా ఇంట్లోనే ఈ గొడవ వచ్చింది. అమ్మ ఎనభయ్యో పుట్టినరోజుకి పాత ఫోటోలన్నీ ఒక పుస్తకంగా వేయిద్దామని తమ్ముడు స్కాన్ చేయించాడు. నాన్న ఆఫీసు ఫోటో ఒకటుంది, డెబ్భైల నాటిది. ఎవరిదో వీడ్కోలు సభ. బల్ల మీద మిక్స్చర్ ప్లేట్లు, టీ కప్పులు, ఫైళ్ళు, నిండిపోయిన యాష్‌ట్రే. నిలబడ్డవాళ్ళలో సగం మంది చేతుల్లో సిగరెట్లు, నాన్న చేతిలో కూడా. తమ్ముడు ఫోన్‌లోనే వేలితో ఇలా రుద్దేసి నాన్న సిగరెట్ తీసేశాడు. ఇప్పుడు అంత సులువు, స్టూడియోకి పోనక్కర్లేదు. నేను వద్దన్నాను. "ఆ దరిద్రం ఫోటోలో కూడా ఎందుకే, ఉన్నన్నాళ్ళూ నేను పడింది చాలదా" అంది అమ్మ.

ఆ మాటకి నా దగ్గర వెంటనే జవాబు లేదు. రాత్రిళ్ళు నాన్న దగ్గుతుంటే వీపు నిమురుతూ కూర్చున్నది ఆవిడ. చివర్లో ఆక్సిజన్ సిలిండర్ మార్చేవాడి కోసం కిటికీ దగ్గర నిలబడ్డది ఆవిడ. ఆ సిగరెట్‌ని చూడకూడదనుకునే హక్కు ఎవరికైనా ఉంటే ఆవిడకే ఉంది. ఆవిడ గదిలో పెట్టుకునే ఫోటోలో అది లేకపోతే నాకేం అభ్యంతరం లేదు. కానీ పుస్తకం వేరు. అది మనవలకి, వాళ్ళ పిల్లలకి వెళ్తుంది. నాన్న ఆస్పత్రి ఫైలు ఇంకా బీరువాలో ఉంది, మొదటి పేజీలోనే పొగ తాగే అలవాటు గురించి డాక్టరు రాసిన వాక్యం ఉంది. ఫైలు ఒకటి చెప్పి, ఫోటో ఇంకొకటి చెప్తే, ఎప్పుడో ఒకప్పుడు ఫైలు పోతుంది, ఫోటో మిగులుతుంది. అప్పుడు మా నాన్న ఏ కారణం లేకుండా జబ్బుపడి పోయిన మనిషి అవుతాడు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ ఫోటోలో తాగుతున్నది నాన్న ఒక్కడే కాదు. బల్ల సర్కారుది, యాష్‌ట్రే సర్కారుది, పక్కన నిలబడి నవ్వుతున్న పై ఆఫీసరు చేతిలో పెట్టె తెరిచి ఉంది. పాతికేళ్ళ గుమాస్తాకి పై అధికారి పెట్టె చాపితే వద్దనడం అప్పట్లో అయ్యే పని కాదు. నాన్న అలవాటు నాన్న బలహీనత అని మేం ఇన్నాళ్ళూ అనుకున్నాం. ఆ ఫోటో చూస్తే ఆ గది మొత్తం కలిసి అలవాటు చేసిందని తెలుస్తుంది. సిగరెట్‌తో పాటు ఆ సాక్ష్యమూ పోతుంది. సిగరెట్ అమ్మినవాళ్ళకి అంతకన్నా కావలసిందేముంది?

కళ్ళకి కనబడకుండా దాచడం వల్ల ఏమవుతుందో మా అమ్మమ్మ దగ్గర చూశాను. ఆవిడది శ్రీకాకుళం వైపు పల్లె. అక్కడ ఆడవాళ్ళు అడ్డపొగ తాగుతారు. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకోవడం. గాలికి ఆరిపోదని, చుట్ట ఎక్కువసేపు వస్తుందని చెప్తారు. నాట్లు వేస్తూ, చంటిపిల్లని చంకనేసుకుని కూడా తాగుతారు. ఆ వేడికి, పొగకి అంగిలి దెబ్బతింటుంది. వేరే చోట్ల అరుదుగా వచ్చే అంగిటి కేన్సర్ ఆ తీరంలో ఎందుకంత కనబడుతోందని పరిశోధనలు చేస్తే కారణం అదేనని తేలింది. అమ్మమ్మ చేతిలో చుట్ట ఉన్న ఫోటో మా దగ్గర ఒక్కటీ లేదు. ఫోటోగ్రాఫర్ వస్తున్నాడంటే చుట్ట చూరులో దోపి, పైట సర్దుకుని నిలబడేది. మగవాళ్ళ సిగరెట్‌ని ఇప్పుడు చెరుపుతున్నారు. ఆడవాళ్ళ చుట్ట అసలు ఫోటోలోకి రానేలేదు.

ముసలితనంలో ఆవిడ హైదరాబాద్ వచ్చి మా దగ్గర ఉంది. పళ్ళసెట్టు కట్టిద్దామని ఒక క్లినిక్కి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ టార్చి వేసి చూసి ఆగిపోయింది. అంగిలంతా తెల్లగా గట్టిపడి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. "ఈవిడ పొగ తాగుతారా?" అని అడిగింది. "అబ్బే, లేదండీ" అన్నాడు మావయ్య, అంతమంది ముందు పరువు పోతుందని. కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్న అమ్మమ్మ చెయ్యెత్తి, ఆగమని సైగ చేసి, లేచి ఉమ్మి, "తాగుతానమ్మా, నిప్పు లోపలేసుకుని" అని తనే చెప్పింది. అప్పుడు ముక్క తీసి పరీక్షకి పంపారు. అప్పటికి కేన్సర్ కాదన్నారు, చుట్ట మాన్పించారు, వదలకుండా చూపించుకోమన్నారు. అమ్మమ్మ కూడా మావయ్యలాగే లేదని ఉంటే సెట్టు కట్టించుకుని ఇంటికొచ్చేవాళ్ళం.

మావయ్య "లేదండీ" అన్నదీ, ఫ్లెక్సీ మీద సిగరెట్ చెరిపిందీ ఒకటే పనని నాకనిపిస్తుంది. పొగాకు ఆరోగ్యానికి హాని అనే మాట మనకి తెలియకుండానే, తాగేవాళ్ళు మంచివాళ్ళు కారు అనే మాటగా మారిపోయింది. అందుకే గౌరవించే మనిషి అయితే చెరిపేస్తాం. గిట్టని మనిషి అయితే అదే ఫోటోని ఊరంతా తిప్పుతాం. నెహ్రూ ఒక బ్రిటిష్ దౌత్యాధికారి భార్యకి సిగరెట్ అంటిస్తున్న ఫోటో వాట్సాప్‌లో అందరికీ వచ్చే ఉంటుంది. ఈ దేశపు తొలి మహిళా ఫోటో జర్నలిస్టు హోమాయ్ వ్యారావాలా తీసిన గొప్ప ఫోటోల్లో అది ఒకటి. దాన్ని తిప్పేవాళ్ళకి నెహ్రూ ఊపిరితిత్తుల మీద దిగులేమీ లేదు. పరువు తీయడానికి సిగరెట్ కావాలి. పరువు నిలపడానికి సిగరెట్ పోవాలి. ఈ రెండింటి మధ్య, మానలేక బాధపడే మనిషి ఇంట్లో దాక్కుని తాగుతాడు, డాక్టరుకి అబద్ధం చెప్తాడు.

పిల్లల సంగతేమిటని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. సినిమాల్లో పొగ తాగే దృశ్యాలు చూడడం వల్ల కుర్రవాళ్ళు మొదలుపెడతారని అమెరికా సర్జన్ జనరల్, అంటే అక్కడి ప్రభుత్వ ప్రజారోగ్య పెద్ద, 2012లో ఇచ్చిన నివేదిక తేల్చి చెప్పింది. అందుకే హీరో స్టైలుగా అంటించే సీన్లు తీసేవాళ్ళ మీద నాకు కోపమే. మన థియేటర్లలో 2012 నుంచి వేస్తున్న హెచ్చరికలు, 2023 సెప్టెంబర్ నుంచి ఓటీటీలకి కూడా పెట్టిన నిబంధన, నాకు సమ్మతమే. బొమ్మ మధ్యలో ఆ అక్షరాలు చికాకు పెడతాయని కొందరంటారు, నాకు పట్టదు. కానీ అది ఇప్పుడు తయారవుతున్న బొమ్మ. ఎవరు ఏం చేతిలో పట్టుకోవాలో ఇప్పుడు ఎవరో నిర్ణయిస్తున్నారు, వాళ్ళని నిలదీయొచ్చు. డెబ్భైల నాటి వీడ్కోలు సభ జరిగిపోయింది. హెచ్చరిక అక్షరాలు కూడా బొమ్మని చెరపవు, దాని కింద నిజం చేరుస్తాయి. పాత ఫోటోలకి నేనడుగుతున్నదీ అదే.

మరి కన్యాశుల్కంలో గిరీశం చుట్టని ఏం చేస్తారు? పొగ తాగనివాడు దున్నపోతై పుడతాడని అతను చదివే పద్యం పిల్లలకి కూడా నోటికి వచ్చు. ఆ పద్యం విన్నందుకు చుట్ట మొదలుపెట్టినవాడు నాకు తెలియదు. గిరీశం ఎలాంటివాడో గురజాడ పక్కనే చూపించారు కాబట్టి.

నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ళ ఫోటోలు కూడా నాకు గుర్తొస్తాయి. ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు పొడి, దారం. నోట్లో బీడీ పెట్టుకోకపోయినా రోజంతా ఆ దుమ్ము పీల్చేవాళ్ళు. పొగాకు కనబడని చరిత్ర రాసుకుంటే వీళ్ళూ కనబడరు. వీళ్ళకి పింఛను ఎందుకివ్వాలో రేపు ఎవరికీ అర్థం కాదు.

సాహిత్య సంస్థలకి, పుస్తకాలు వేసేవాళ్ళకి, పాత ఫోటోలు ఇంటర్నెట్‌లో పెట్టేవాళ్ళకి నేను కోరేది పెద్దదేమీ కాదు. ఫోటోని ఉన్నదున్నట్టు వేయండి. ఆ మనిషి పొగాకు జబ్బుతో పోయి ఉంటే ఆ మాట కింద రాయండి, పిల్లలకి తెలియాల్సింది అదే. ఏ కారణం చేతనైనా మార్చక తప్పకపోతే, మార్చామని అక్కడే రాయండి. అసలు ఫోటోని విడిగా దాచండి. ఇప్పుడు ఫోన్‌లో మార్చిన ఫోటోనే నలుగురూ పంచుకుంటారు, కొన్నాళ్ళకి వెతికితే దొరికేది అదొక్కటే అవుతుంది. మా పుస్తకంలో నాన్న ఫోటో సిగరెట్‌తోనే ఉంది. కింద రెండు లైన్లు నేను రాశాను, ఇంకో లైను అమ్మ చెప్పి రాయించింది. ఆవిడ రాయించింది నాన్న మీద కోపంగానే ఉంటుంది, అలాగే ఉంచాం.

ఆ కుటుంబ పుస్తకం చూసిన మా బాబాయి కొడుకు, రోజుకి పది తాగేవాడు, ఎలా మానాలని నన్ను పక్కకి పిలిచి అడిగాడు. మీ ఇంట్లో కూడా అడిగేవాళ్ళుంటారు. మానడానికి సాయం చేసే జాతీయ క్విట్‌లైన్ నంబరు ఇప్పుడు సిగరెట్ పెట్టె మీదే అచ్చువేస్తున్నారు: 1800-11-2356. డబ్బులు పడవు.